పిల్లల కామిక్స్, బొమ్మలు: కొన్ని కొలువులో, మిగతావి భద్రంగా

జూన్ వచ్చిందంటే ఇంట్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. కొత్త తరగతి పుస్తకాలకు షెల్ఫ్‌లో చోటు చూడాలి. వానలకు గోడలు చెమ్మగిల్లక ముందే బట్టలు, కాగితాలు సర్దుకోవాలి. ఈ రెండు పనుల మధ్య నలిగిపోయేవి పిల్లల కామిక్స్, బొమ్మలు. కొన్ని పాత పేపర్ల బండి ఎక్కుతాయి. కొన్ని అటక మీదికి చేరి మళ్లీ కంటపడవు. మిగిలినవి కిటికీ పక్కన ఎండకు వెలిసిపోతుంటాయి.

వీటిని ఎలా ఉంచాలి అన్నదానికి మన ఇళ్లలోనే పాత పద్ధతి ఒకటి ఉంది. అదే బొమ్మల కొలువు. సంక్రాంతికో దసరాకో పెట్టెలు దించి, బొమ్మలను మెట్ల మీద తీర్చి, చూసినవాళ్లకు ఒక్కొక్కదాని కథ చెప్పి, పండుగ కాగానే పాత నూలు చీర ముక్కల్లో చుట్టి మళ్లీ పెట్టెల్లో పెట్టేవారు. చూపించడం కొద్ది రోజులు, దాచడం ఏడాదంతా. తరాల నాటి బొమ్మలు ఈనాటికీ కొన్ని ఇళ్లలో మిగిలాయంటే కారణం అదే. మీ అబ్బాయి సూపర్‌హీరో బొమ్మలకూ, మీ అమ్మాయి కామిక్స్‌కూ ఇదే సూత్రం సరిపోతుంది. అన్నీ ఎప్పుడూ బయటే ఉండనక్కర్లేదు. అన్నీ మూటకట్టి మరిచిపోనూ అక్కర్లేదు.

తీసేసే ముందు అడగండి

పదేళ్ల పిల్లల దగ్గర నలభై కామిక్స్, పాతిక బొమ్మలు ఉంటే పెద్దవాళ్ల కంటికి అదంతా చిందరవందరే. పిల్లలకు మాత్రం ఏది ఏ పుట్టినరోజుకు వచ్చిందో, ఏది స్నేహితుడితో మార్చుకున్నదో, వరుసలో ఏ సంచిక తక్కువైందో అన్నీ తెలుసు. వాళ్లు స్కూల్‌కు వెళ్లిన వేళ చూసి వాటిని అమ్మేస్తే షెల్ఫ్ ఖాళీ అవుతుంది నిజమే. కానీ తన వస్తువుకు తన ఇంట్లోనే భద్రత లేదన్న సంగతి వాళ్ల మనసులో నాటుకుంటుంది. ఆ తరువాత ‘నీ వస్తువులు నువ్వే జాగ్రత్తగా చూసుకోవాలి’ అని ఎన్నిసార్లు చెప్పినా ఆ మాటకు బరువుండదు.

చదువుకు అడ్డమవుతాయన్న బెంగ చాలామంది తల్లిదండ్రులకు ఉంటుంది. పరీక్షల రోజుల్లో అది సహజమే. దానికి వేళ పెట్టడం, చోటు పెట్టడం మందు. హోమ్‌వర్క్ అయ్యాక అరగంట అనో, ఆదివారం అనో మాట అనుకోవచ్చు. కామిక్స్ షెల్ఫ్‌ను స్టడీ టేబుల్‌కు ఎదురుగా కాకుండా వెనక వైపు పెట్టవచ్చు. అమ్మేయడం మాత్రం వెనక్కి తీసుకోలేని పని.

ఎందుకంటే వీటిలో కొన్ని మళ్లీ దొరకవు. ‘చందమామ’ సంగతే చూడండి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలుపెట్టిన ఆ పత్రిక 2013 నాటికి ఆగిపోయింది. కొడవటిగంటి కుటుంబరావు గారు సంపాదకత్వం చూసిన నాటి సంచికలు, వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ గార్ల బొమ్మలతో అచ్చయిన పుటలు ఇప్పుడు ఎవరి ఇంట్లో మిగిలితే అక్కడే. బాలమిత్ర, బొమ్మరిల్లు పాత సంచికలదీ అదే పరిస్థితి. అనంత్ పాయ్ గారు 1967లో ప్రారంభించిన ‘అమర్ చిత్ర కథ’ పుస్తకాలు ఇప్పటికీ అచ్చవుతున్నాయి. అయినా తాతగారు మొదటి పేజీలో పేరు, తేదీ రాసి ఇచ్చిన ప్రతి ఒక్కటే ఉంటుంది. దాని బదులు కొత్తది కొనిస్తామంటే కథ వస్తుంది గానీ ఆ చేతిరాత రాదు.

అన్నిటినీ దాచాలా అంటే, అక్కర్లేదు. చోటు ఎంతో ముందుగా చెప్పండి. ఉదాహరణకు ఒక షెల్ఫ్, రెండు పెట్టెలు. అందులో ఏవి ఉండాలో పిల్లలే ఎంచుకోవాలి. చోటు నిండాక కొత్తది ఒకటి వస్తే పాతది ఒకటి బయటికి వెళ్లాలి. తీసేవాటిని చిన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, దగ్గర్లోని లైబ్రరీకి, స్నేహితులకు ఇవ్వవచ్చు. తానే ఎంచి ఇచ్చినదానికి బాధ ఉండదు. ఇంకొకరు లాక్కున్నది చాలాకాలం గుర్తుంటుంది.

కాగితం ఎందుకు పసుపు రంగుకు తిరుగుతుంది

చౌక కామిక్స్, పాత పిల్లల పత్రికలు ఎక్కువగా న్యూస్‌ప్రింట్ లాంటి కాగితం మీద అచ్చవుతాయి. చెక్కను అరగదీసి చేసే ఈ గుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం ఉండిపోతుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ లిగ్నిన్ రంగు మారి కాగితం పసుపుగా, ఆపైన గోధుమరంగుగా అవుతుంది. కాగితంలో ఆమ్లం పెరిగి పేజీ పెళుసుబారుతుంది. మడత పెట్టిన చోట విరుగుతుంది. నిన్నటి న్యూస్‌పేపర్‌ను రెండు రోజులు ఎండలో పెట్టి చూస్తే ఈ మార్పు మొదలైన తీరు పిల్లలకే తెలుస్తుంది. ఇంట్లో చేయదగిన మంచి సైన్స్ ప్రయోగం అది.

కాగితానికి నాలుగు శత్రువులు: వెలుతురు, తేమ, వేడి, పురుగులు. వేడి, తేమ రెండూ కలిస్తే నష్టం త్వరగా జరుగుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్ర తీరపు ఊళ్లలో గాలిలో తేమ ఏడాది పొడవునా ఎక్కువే. హైదరాబాద్‌లో, రాయలసీమలో ఎండాకాలం గాలి పొడిగా ఉన్నా వానాకాలంలో పరిస్థితి మారిపోతుంది. గదిలో తేమ 65 శాతం దాటి చాలా రోజులు అలాగే ఉంటే బూజు పట్టే ప్రమాదం ఉంది. 35 నుంచి 55 శాతం మధ్య ఉంటే కాగితానికి మంచిది. తేమను కొలిచే చిన్న డిజిటల్ మీటర్లు ఇప్పుడు సులువుగా దొరుకుతున్నాయి. ఒకటి కొని షెల్ఫ్‌లో పెడితే ఆ గదిలో ఏ మూల చెమ్మగా ఉందో తెలిసిపోతుంది.

కామిక్స్ దాచే పద్ధతి

చోటుతో మొదలుపెట్టండి. బాత్రూమ్‌ను ఆనుకున్న గోడ, వాన జల్లు కొట్టే బయటి గోడ, వంటింటి పక్కన ఉన్న అలమార మంచి చోట్లు కావు. అటక కూడా అంతే. పై అంతస్తులో స్లాబు కింద ఉండే అటక ఎండాకాలంలో బాగా వేడెక్కుతుంది. పైగా అక్కడ ఏం జరుగుతోందో ఎవరూ చూడరు. లోపలి గోడకు, గోడ నుంచి బెత్తెడు ఎడంగా పెట్టిన షెల్ఫ్ మేలు. నేల మీద నేరుగా ఏ పెట్టెనూ ఉంచవద్దు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద విజయవాడలో ఎన్ని ఇళ్లలోకి వచ్చిందో మనం చూశాం. నీరు చేరే వీధుల్లో, గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో పోతే మళ్లీ దొరకనివాటిని పై అరలో పెట్టాలి.

తరువాత కవర్లు. విలువైన సంచికలను ఒక్కొక్కటిగా పారదర్శక కవర్లలో పెట్టండి. కవరు పాలీప్రొపిలీన్‌దో పాలిస్టర్‌దో అయి ఉండాలి. పీవీసీ కవర్లు వద్దు. అవి కాలం గడిచేకొద్దీ జిగటగా మారి అచ్చును అంటుకుంటాయి. స్టేషనరీ షాపుల్లో దొరికే ఎ4 కవరు కొలత 21 × 29.7 సెంటీమీటర్లు ఉంటుంది. మీ పుస్తకాన్ని స్కేలుతో కొలిచి, అది వంగకుండా పట్టే కవరే తీసుకోండి. వెనక ఆసరాగా ఒక అట్ట పెడితే పుస్తకం వంగదు. ఆ అట్ట ఆమ్లం లేని రకమైతే మంచిది. మామూలు గోధుమరంగు అట్టలో ఉండే ఆమ్లం మెల్లగా పుస్తకానికి దిగుతుంది. అది తప్ప వేరేది దొరకకపోతే, మధ్యలో మంచి తెల్ల కాగితం ఒకటి పెట్టి, ఏడాదికోసారి ఆ కాగితాన్ని మార్చండి. కవరు మూతిని టేపుతో అంటించేయవద్దు. పూర్తిగా మూసేస్తే లోపలి చెమ్మ బయటికి రాదు.

పలుచని సంచికలను పెట్టెలో నిలబెట్టి ఉంచాలి. వదులుగా ఉంటే వాలిపోయి వెన్ను వంగుతుంది. కిక్కిరిస్తే బయటికి లాగేటప్పుడు అట్ట చిరుగుతుంది. అరచెయ్యి సులువుగా దూరేంత ఖాళీ ఉంటే చాలు. బోర్లా పేర్చాలనుకుంటే దొంతర జానెడు ఎత్తు మించనివ్వకండి. కింది పుస్తకాల మీద బరువు పడితే స్టేపుల్ పిన్నుల దగ్గర పేజీలు ఊడతాయి.

చాలా ఇళ్లలో పన్నెండు నెలల చందమామలను కలిపి ఒక సంపుటంగా బైండు చేయించి ఉంచారు. వాటిని విప్పదీయకండి. బరువైన ఆ సంపుటాలను బోర్లా పడుకోబెట్టి ఉంచడం మంచిది. కొత్తగా బైండు చేయించాలనుకుంటే అంచులు కోయవద్దని, అట్టలు తీసేయవద్దని బైండరుకు ముందే చెప్పండి. అట్టమీద బొమ్మలు, లోపలి ప్రకటనలు కూడా ఆ కాలం గుర్తులే.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటిస్తే నాలుగైదేళ్లలో అది పసుపురంగు మచ్చగా దిగుతుంది, తీస్తే అచ్చు ఊడివస్తుంది. చిరుగును అలాగే ఉంచి కవరులో పెట్టడమే నయం. అట్టకు లామినేషన్ చేయించవద్దు. ఒకసారి చేస్తే తీయడం కుదరదు. రబ్బరు బ్యాండ్లు వేసవి వేడికి కరిగి అంటుకుంటాయి. ఇనుప క్లిప్పులు తుప్పు పడతాయి. గుర్తుకోసం పేజీ మూల మడిచే బదులు కాగితపు ముక్క పెట్టడం పిల్లలకు అలవాటు చేయండి.

పురుగులు, కలరా ఉండలు

పుస్తకాల మధ్య నుంచి వెండిరంగులో సర్రున జారిపోయే చిన్న పురుగు సిల్వర్‌ఫిష్. దానికి కావలసింది కాగితంలోని గంజి, బైండింగులోని జిగురు. అది చెమ్మ ఉన్నచోటే పెరుగుతుంది. బొద్దింకలు అట్టలను కొరికి మరకలు చేస్తాయి. చెదలు గోడలోంచి, నేలలోంచి మట్టి దారులు కట్టుకుంటూ వచ్చి, పైకి ఏమీ తెలియకుండా పెట్టె అడుగు నుంచి తినేస్తాయి. షెల్ఫ్‌ను గోడకు ఎడంగా పెట్టమన్నది అందుకే. మట్టి గీత కనిపిస్తే వెంటనే తెలుస్తుంది.

చాలామంది వెంటనే కలరా ఉండలు వేస్తారు. పిల్లల గదిలో, పిల్లలు రోజూ తాకే వస్తువుల మధ్య నాఫ్తలీన్ ఉండలు పెట్టవద్దు. చిన్నపిల్లలు వాటిని మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఆ లోపం ఉందని చాలా కుటుంబాలకు ముందుగా తెలియదు కూడా. పుస్తకాల మీద నేరుగా పురుగుల మందు కొట్టడం కూడా మంచిది కాదు. పేజీలు మరకలు పడతాయి, చదివేటప్పుడు ఆ మందు చేతికి అంటుతుంది.

మందులకన్నా అలవాట్లు బాగా పనిచేస్తాయి. కామిక్స్ చదువుతూ చిప్స్, బిస్కెట్లు తినకూడదు. పేజీల మధ్య పడిన నలుసులే పురుగులకు పిలుపు. నెలకోసారి పుస్తకాలు బయటికి తీసి, మెత్తని బ్రష్‌తో దులిపి, అర తుడిచి మళ్లీ పెట్టాలి. పాత పుస్తకాల షాపులో కొన్నవాటిని నేరుగా షెల్ఫ్‌లో కలపకుండా వారం రోజులు విడిగా ఉంచి చూడండి. ఏ ఒక్క పుస్తకంలోనో పురుగు కనిపిస్తే, దాన్ని జిప్ కవరులో పెట్టి, గాలి తీసి, గట్టిగా మూసి, రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచవచ్చు. మ్యూజియాలు కూడా ఇంకా తక్కువ ఉష్ణోగ్రతలో ఇదే పద్ధతి వాడతాయి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు. చల్లని కాగితానికి గది గాలి తగిలితే నీరు పడుతుంది.

చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టెలో వేసుకోవచ్చు. అవి నిండాక పనిచేయవు, మార్చాలి. చిన్నపిల్లల చేతికి అందకుండా చూడాలి.

బొమ్మల్లో రకాలు వేరు, జాగ్రత్తలు వేరు

ప్లాస్టిక్ బొమ్మల్లో చాలావాటిని మెత్తని పీవీసీతో చేస్తారు. మెత్తదనం కోసం అందులో కలిపే రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. దాచిన బొమ్మ చేతికి జిగటగా తగలడానికి కారణం అదే. గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి కడిగి, నీడలో ఆరబెడితే చాలావరకు పోతుంది. మూతపెట్టిన డబ్బాలో ఏళ్ల తరబడి ఉంచితే ఈ జిగట ఎక్కువవుతుంది కాబట్టి అప్పుడప్పుడు గాలి తగలనివ్వాలి. పీవీసీ బొమ్మలు వేడికి వంగుతాయి. ఎండలో నిలిపిన కారులో, పడమటి కిటికీ గట్టు మీద వాటిని వదిలేయకూడదు. తెల్లని గట్టి ప్లాస్టిక్ ఎండ తగిలితే పసుపుగా మారుతుంది.

వెలిగే, మాట్లాడే బొమ్మలను దాచేముందు బ్యాటరీలు తీసేయండి. కారిన బ్యాటరీ బొమ్మను లోపలి నుంచి పాడుచేస్తుంది. బటన్ సెల్స్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చిన్నపిల్లలు మింగితే ప్రాణాపాయం. ఆ బొమ్మల బ్యాటరీ మూతకు స్క్రూ బిగించి ఉందో లేదో చూడండి.

కొండపల్లి బొమ్మలను తేలికైన తెల్ల పొణికి కర్రతో చేస్తారు. భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, పైన రంగులు వేస్తారు. నీళ్లు తగిలితే అతుకులు, రంగులు రెండూ దెబ్బతింటాయి. తడిగుడ్డ వద్దు, పొడి బ్రష్ చాలు. ఎత్తేటప్పుడు చెయ్యినో గొడుగునో పట్టుకోకుండా పీఠాన్ని పట్టుకోవాలి.

ఏటికొప్పాక బొమ్మలది మరో తీరు. అంకుడు కర్రను తిప్పుతూ, దాని మీద రంగు కలిపిన లక్కను అద్దుతారు. 2017లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లక్క వేడికి మెత్తబడుతుంది, ఆల్కహాల్‌లో కరుగుతుంది. కాబట్టి శానిటైజర్‌తో, స్పిరిట్‌తో తుడిస్తే ఆ మెరుపు పోతుంది. పొడి నూలుగుడ్డతో తుడిస్తే చాలు.

మట్టి బొమ్మలను ఒకదానికొకటి తగలకుండా ఒక్కొక్కటి విడిగా నూలుగుడ్డలో చుట్టాలి. న్యూస్‌పేపర్‌లో చుడితే అచ్చు సిరా రంగుల మీద అంటుకుంటుంది. బరువైనవి అడుగున, తేలికైనవి పైన.

ఎలా చూపించాలి

ఇక్కడే కొలువు పద్ధతి పనికొస్తుంది. షెల్ఫ్ మీద పది బొమ్మలు, అట్టలు కనపడేలా ఐదు కామిక్స్ చాలు. మిగతావి పెట్టెలో విశ్రాంతిగా ఉంటాయి. నెలకో రెండు నెలలకో మార్చండి. ఏది పెట్టాలో, ఏ వరుసలో పెట్టాలో పిల్లల ఇష్టం. ఒకసారి జంతువులు, ఒకసారి పురాణ కథల పాత్రలు, ఒకసారి క్రికెట్. పెట్టెలోంచి కొత్తగా బయటికి వచ్చిన బొమ్మ కొత్త బొమ్మంత ఆనందమిస్తుంది. కొనుగోళ్లు తగ్గడానికి కూడా ఇదో దారి.

మార్చడానికి మరో కారణం ఉంది. వెలుతురు చేసే నష్టం ఎప్పటికప్పుడు కూడుతూ పోతుంది, చీకట్లో పెట్టినంత మాత్రాన పోయిన రంగు తిరిగి రాదు. మ్యూజియాలలో పాత కాగితాలు, నీటిరంగుల బొమ్మలు ఉన్నచోట వెలుతురును 50 లక్స్ దగ్గర ఉంచుతారు. మనం చదువుకునే బల్ల మీద ఉండవలసిన వెలుతురుకన్నా అది ఎన్నో రెట్లు తక్కువ. ఇంట్లో అంత పాటించలేం గానీ, నేరుగా ఎండ పడని గోడ ఎంచుకోవచ్చు, కిటికీకి కర్టెన్ వేయవచ్చు. షోకేస్‌లో వేడి పుట్టించే పాతరకం బల్బుల బదులు ఎల్ఈడీ వాడవచ్చు. ఇష్టమైన అట్టను గోడకు ఫ్రేమ్ కట్టించాలనిపిస్తే కలర్ జిరాక్స్ తీయించి దాన్ని ఫ్రేమ్ చేయించండి. అసలు పుస్తకం పెట్టెలోనే ఉండనివ్వండి.

భద్రత మరచిపోకూడదు. పై అరలోని బొమ్మ కోసం పిల్లలు షెల్ఫ్ ఎక్కుతారు. కాబట్టి నిలువు షెల్ఫ్‌ను గోడకు స్క్రూలతో బిగించాలి. రోజూ ఆడుకునేవి వాళ్ల చేతికి అందే ఎత్తులో ఉండాలి. అద్దాల తలుపులుంటే టఫెన్డ్ గ్లాస్ అడగండి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో చిన్న కత్తులు, హెల్మెట్లు, చక్రాలు లాంటి విడిభాగాలు మూత ఉన్న డబ్బాలో ఉండాలి. కొత్త బొమ్మ కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు అది తప్పనిసరి.

జాబితా పుస్తకం

కలెక్షన్‌కు ప్రాణం దాని జాబితాలో ఉంది. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని గళ్లు గీయించండి: వరుస సంఖ్య, పేరు, సంచిక నెల, సంవత్సరం, ఎవరిచ్చారు, ఎప్పుడు, ఇప్పుడు ఎక్కడుంది. చివరి గడి అన్నిటికన్నా ముఖ్యం. స్నేహితుడికి చదవడానికి ఇచ్చినప్పుడు అతని పేరు, తేదీ అందులో రాయాలి. స్నేహం నిలవాలన్నా పుస్తకం తిరిగి రావాలన్నా ఈ ఒక్క గడి చాలు. ప్రతి అట్టను, ప్రతి బొమ్మను ఫోన్‌లో ఫోటో తీసి ఒక ఫోల్డర్‌లో ఉంచితే ఇల్లు మారినప్పుడు సరిచూసుకోవచ్చు.

‘ఎవరిచ్చారు’ అన్న గడి నింపేటప్పుడు అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేయనివ్వండి. ఏ ఊళ్లో కొన్నారు, అప్పట్లో ఎంత పెట్టారు, వాళ్ల చిన్నప్పుడు ఏం చదివేవారు అన్న కబుర్లు బయటికి వస్తాయి. వాటిలో రెండు వాక్యాలు జాబితాలో రాయిస్తే తెలుగు రాయడం కూడా అలవాటవుతుంది.

తడిస్తే ఏం చేయాలి

కాగితం తడిస్తే 48 గంటల్లో బూజు మొదలవుతుంది. అందుకే ఆలస్యం చేయకూడదు. తడిసిన పుస్తకాన్ని గుంజి తెరవవద్దు. నీళ్లు కారిపోయాక, పేజీల మధ్య అక్కడక్కడా తెల్లని టిష్యూ పేపర్లు పెట్టి, ఫ్యాన్ గాలి తగిలేలా విప్పి నిలబెట్టండి. టిష్యూలు తడిసేకొద్దీ మార్చండి. ఎండలో పెట్టడం, ఇస్త్రీ చేయడం, హెయిర్ డ్రయ్యర్ వాడడం వద్దు. పుస్తకాలు చాలా ఎక్కువ తడిస్తే, ముందు వాటిని కవర్లలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి, ఆపైన నాలుగైదు చొప్పున తీసి ఆరబెట్టుకోవచ్చు. మెరుపు కాగితం పేజీలు ఆరితే ఒకదానికొకటి అతుక్కుపోతాయి కాబట్టి వాటిని మొదట చూడాలి. బూజు పట్టినవాటిని పిల్లలు ముట్టకూడదు. పెద్దవాళ్లు మాస్క్ వేసుకుని, పూర్తిగా ఆరాక, బయట దులపాలి.

వయసును బట్టి పనులు

ఐదు నుంచి ఏడేళ్లు: ఆడుకున్నాక బొమ్మను దాని చోట పెట్టడం, చేతులు కడుక్కుని పుస్తకం పట్టుకోవడం, వారానికోసారి బొమ్మలు లెక్కపెట్టడం.

ఎనిమిది నుంచి పదేళ్లు: పెట్టెలకు పేర్లు అంటించడం, జాబితా రాయడం, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపడం.

పదకొండు నుంచి పద్నాలుగేళ్లు: నెలవారీ తనిఖీ, కవర్లకు కొలతలు తీయడం, తేమ మీటరు అంకెలు రోజూ రాసి గ్రాఫ్ గీయడం, తీసేయవలసినవి ఎంచడం.

టెన్త్ తరువాత హాస్టల్‌కు వెళ్లే పిల్లల విషయం కాస్త వేరు. వాళ్లు వెళ్లేముందు ఒక ఆదివారం కూర్చుని తమ పెట్టె తామే సర్దుకోనివ్వండి. జాబితా ఒక కాపీ పెట్టెలో, ఒక కాపీ వాళ్ల దగ్గర ఉండాలి. పెట్టె ఏ అరలో పెడుతున్నారో చూపించండి. అడగకుండా అందులోంచి ఏదీ ఇవ్వమని, అమ్మమని మాట ఇవ్వండి. ఇంటికి దూరంగా ఉన్న ఆ రెండేళ్లలో ఇంట్లో తమ చోటు తమకు ఉందన్న ధీమా చిన్నది కాదు. ఆ మాట నిలబెట్టుకోవలసింది మాత్రం మనమే. దసరా సెలవులకు వచ్చినప్పుడు వాళ్లు మొదట తెరిచేది ఆ పెట్టెనే కావచ్చు.

ఈ నెల మొదలుపెట్టడానికి

ఒక ఆదివారం, రెండు గంటలు చాలు. కలెక్షన్ మొత్తం మంచం మీద పరిచి, పిల్లలనే మూడు కుప్పలుగా చేయమనండి: షెల్ఫ్ మీద ఉండేవి, పెట్టెలోకి వెళ్లేవి, ఇతరులకు ఇచ్చేవి. షెల్ఫ్‌ను గోడ నుంచి బెత్తెడు జరపండి. పోతే మళ్లీ దొరకని ఐదింటిని ఎంచి ముందు వాటికి కవర్లు వేయండి. మిగతావి నెలనెలా వేసుకోవచ్చు. నోట్‌బుక్‌లో మొదటి పేజీ రాయించండి. తరువాతి తనిఖీ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. వానలు ముదరకముందే ఈ పని అయిపోతే మంచిది.